కనిపించని నాళాలకు రంగు

శోషరసానికి దాదాపు రంగు లేదు. దాన్ని మోసే నాళం గోడ కూడా అవతలిది కనిపించేంత పలచన. పాదం మీద, చీలమండ దగ్గర ఈ నాళాల వెడల్పు చాలాచోట్ల అర మిల్లీమీటరు అటూ ఇటూ. ధమని కొట్టుకుంటుంది కాబట్టి వేలికి తెలుస్తుంది. సిర నీలంగా కంటికి ఆనుతుంది. శోషరస నాళం మాత్రం పసుప్పచ్చటి కొవ్వులో కలిసిపోయి, చర్మం కోసి చూసినా దొరకదు. శోషరసం నిలిచిపోయి కాలు వాచే జబ్బు లింఫెడిమా. దానికి ఆపరేషన్ చేసే సర్జన్‌కు ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. కుట్టవలసిన నాళం ఎక్కడుందో, అందులో రసం ఇంకా పారుతోందో లేదో, పక్కనే దాన్ని కలపడానికి పనికొచ్చే సిర ఉందో లేదో కత్తి పట్టకముందే తెలియాలి. ఆ జవాబుల కోసమే రంగులు, స్కాన్లు, కెమెరాలు వచ్చాయి. వీటిలో ఏ ఒక్కటీ కాలి నాళాలన్నిటినీ చూపించలేదు. ఒకటి చూపేదాన్ని మరొకటి చూపదు కాబట్టే ఒకే రోగికి రెండు మూడు పద్ధతులు వాడవలసి వస్తుంది.

రక్తకేశనాళికల్లోంచి నీరు, కొంత ప్రోటీను ఎప్పుడూ కణజాలంలోకి ఊరుతూనే ఉంటాయి. అలా ఊరినదాన్ని మళ్లీ రక్తంలో చేర్చే పని శోషరస వ్యవస్థది. దీన్ని నడపడానికి గుండెలాంటి అవయవం లేదు. నాళాల గోడలే ఉండుండి ముడుచుకుంటూ, లోపలి కవాటాల సాయంతో రసాన్ని పైకి నెడతాయి. నడిచేటప్పుడు పిక్క కండరాల ఒత్తిడి వాటికి తోడవుతుంది. కాలి చర్మం కింద ఉండే ముఖ్యమైన దారి వేళ్ల సందుల్లో మొదలై, పాదం మీదుగా, మోకాలి లోపలి వైపు నుంచి, పెద్ద సఫీనస్ సిరను ఆనుకుని తొడ ఎక్కి, గజ్జల్లోని గ్రంథులకు చేరుతుంది. ఇంకో దారి మడమ వెలుపలి వైపు నుంచి పిక్క వెనకగా మోకాలి గుంటలోని గ్రంథులకు పోతుంది. కండరాల లోతున మరో వరస ఉంది. గజ్జలు దాటాక ఈ రసమంతా కటి భాగం, కడుపు, ఛాతీ మీదుగా వెళ్లి మెడ ఎడమ వైపు అడుగున పెద్ద సిరలో కలుస్తుంది.

ఈ దారి పూడినా, తెగినా, పుట్టుకతోనే సరిగా ఏర్పడకపోయినా కాలు వాస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో, ఉత్తర కోస్తాలో, తెలంగాణలో నల్గొండ, కరీంనగర్ ప్రాంతాల్లో దీని రూపం తరాలుగా అందరికీ తెలిసిందే. అదే బోదకాలు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఉకరేరియా బాంక్రాఫ్టై అనే దారపు పురుగు శోషరస నాళాల్లో కాపురం పెట్టి ఏళ్ల తరబడి బతుకుతుంది. అది ఉన్నచోట నాళం సాగిపోతుంది, కవాటాలు మూసుకోవడం మానేస్తాయి. ఆ తరువాత చర్మపు పగుళ్లలోంచి బాక్టీరియా చేరి చలిజ్వరం, గజ్జల్లో బిళ్ల, కాలంతా ఎరుపు మళ్లీ మళ్లీ వస్తాయి. అలా వచ్చిన ప్రతిసారీ మరికొన్ని నాళాలు చెడతాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల్లోంచి 1947లో వచ్చిన డైఇథైల్‌కార్బమజీన్ ఈ రోజుకీ ఫైలేరియా నిర్మూలన కార్యక్రమంలో ఊరూరా మింగిస్తున్న మందు. రక్తంలో తిరిగే పిల్లపురుగులను, పెద్ద పురుగుల్లో కొన్నిటిని అది చంపుతుంది. ఏళ్లుగా వాచి గట్టిపడిన కాలిని మాత్రం మునుపటిలా చేయలేదు.

పురుగుతో సంబంధం లేని లింఫెడిమా కూడా తక్కువేమీ కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కటి భాగంలోని గ్రంథులు తీసేసి, రేడియేషన్ ఇచ్చాక కొందరు స్త్రీలలో నెలలకో ఏళ్లకో కాలు వాస్తుంది. మరికొందరికి పుట్టుకతోనో, యుక్తవయసులోనో, నడివయసు దాటాకో ఏ కారణమూ కనిపించకుండా వస్తుంది. పైకి మూడూ ఒకేలాంటి వాపులు. లోపల నాళాల పరిస్థితి మాత్రం ఒకటి కాదు. ఫైలేరియాలో నాళాలు సాగి వెడల్పవుతాయి. క్యాన్సర్ చికిత్స తరువాత పైన అడ్డు పడి, కింది నాళాలు మొదట ఉబ్బి, క్రమంగా గోడలు మందమై పూడిపోతాయి. పుట్టుకతో వచ్చేదాంట్లో ఒక్కోసారి అసలు నాళాలే తక్కువ. సర్జన్ ఏ ఆపరేషన్ చేయాలో తేల్చేది ఈ తేడాలే.

ఆపరేషన్లు స్థూలంగా మూడు రకాలు. మొదటిది, ఇంకా రసం పారుతున్న శోషరస నాళాన్ని పక్కనున్న చిన్న సిరకు కలిపి కుట్టడం. రెండోది, శరీరంలో మరోచోటి నుంచి శోషరస గ్రంథులను వాటి రక్తనాళాలతో సహా తెచ్చి కాలిలో అమర్చడం. మూడోది, పేరుకుపోయిన కొవ్వునో గట్టిపడిన చర్మాన్నో తీసేయడం. వాపు కొత్తగా ఉండి వేలితో నొక్కితే సొట్ట పడే దశలో కాలిలో ఉన్నది ఎక్కువగా ద్రవం, అప్పుడు మొదటిది పనికొస్తుంది. ఏళ్లు గడిచాక ద్రవం స్థానంలో కొవ్వు, పీచు పెరుగుతాయి. నాళం ఎంత చక్కగా కలిపినా ఆ కొవ్వు సిరలోంచి పారిపోదు. మూడో రకంలో అన్నిటికన్నా పాతదైన, చర్మంతో సహా అంతా తీసి అతుకు వేసే ఆపరేషన్‌ను ఛార్లెస్ పద్ధతి అంటారు. కలకత్తాలో పనిచేసిన సర్ హేవ్‌లాక్ ఛార్లెస్ 1912లో రాసింది వృషణాల సంచి బోదవాపు గురించి. కాలి ఆపరేషన్‌కు ఆయన పేరు తరువాతి రచయితలు తగిలించారు.

రంగుల చరిత్ర ఇటలీలో మొదలవుతుంది. 1622లో గాస్పరే అసెల్లి బాగా తిన్న కుక్క కడుపు కోసి చూసినప్పుడు పేగుల మీద తెల్లటి సన్నని దారాలు కనిపించాయి. కొవ్వు కలిసిన శోషరసం పాలలా ఉండడం వల్లనే అవి కంటబడ్డాయి. అంటే మొట్టమొదటి రంగు బయటినుంచి ఎక్కించింది కాదు, కుక్క తిన్న తిండి ఇచ్చింది. ఆయన చనిపోయాక 1627లో వెలువడిన పుస్తకంలోని బొమ్మలను రంగుల్లో అచ్చువేశారు. శరీరనిర్మాణ గ్రంథాల్లో రంగు ముద్రణకు అదే తొలి ఉదాహరణగా చెబుతారు. తరువాత శవాల నాళాల్లోకి పాదరసం ఎక్కించే పద్ధతి వచ్చింది. పావొలో మస్కాగ్ని 1787లో ప్రచురించిన పటాలు ఆ పాదరసం వెండిలా మెరుస్తుండగా గీసినవే. వాటిలో చాలా భాగం నేటికీ సరైనవి.

బతికున్న మనిషి చర్మంలో నాళాలు కనిపించేలా చేసింది 1933లో అమెరికాలో హడాక్, మెక్‌మాస్టర్ అనే ఇద్దరు. చర్మంలో చుక్కంత పేటెంట్ బ్లూ ఎక్కిస్తే నిమిషాల్లో నీలిగీతలు పైకి పాకాయి. రంగు కణం ప్రోటీనుకు అంటుకుని రక్తకేశనాళికల్లోకి కాక శోషరస నాళాల్లోకి దూరడమే ఇందులోని కీలకం. లండన్ సర్జన్ జాన్ కిన్‌మంత్ 1952లో దీన్ని మరో మెట్టు ఎక్కించాడు. వేళ్ల సందులో నీలం ఎక్కించి, పాదం మీద చిన్న గాటు పెట్టి, నీలంగా మారిన నాళాన్ని పట్టుకుని, దానిలోకి సన్నటి సూది దూర్చి, ఎక్స్‌రేలో కనిపించే ద్రవాన్ని నెమ్మదిగా పంపాడు. త్వరలోనే ఆ ద్రవం స్థానంలో లిపియొడాల్ వచ్చింది. అది గసగసాల నూనెకు అయోడిన్ కలిపి తయారుచేసింది. ఆ నూనె గ్రంథుల్లో నెలల తరబడి నిలిచి ఎక్స్‌రేలో తెల్లగా కనిపించేది. కాలి లింఫెడిమాలో నాళాలు లేవా, తక్కువా, లేక మితిమీరి సాగాయా అన్న వర్గీకరణ ఈ చిత్రాల నుంచే పుట్టింది.

అయితే ఆ పరీక్షే కాలికి చేటు చేయగలదు. నూనె నాళం గోడను రాపాడి మంట పుట్టిస్తుంది. అసలే అరకొరగా పనిచేస్తున్న నాళం దాంతో పూడిపోయి వాపు పెరిగిన సందర్భాలున్నాయి. కొంత నూనె సిరల్లోంచి ఊపిరితిత్తులకు చేరి అక్కడి రక్తనాళాలను అడ్డుకుంటుంది. అందుకే వాపు కాలికి మామూలు పరీక్షగా లిపియొడాల్ చిత్రం నేడు దాదాపు కనుమరుగైంది. ఛాతీలోనో కడుపులోనో శోషరసం కారుతున్నచోటు పట్టుకోవడానికి, కొన్నిసార్లు ఆ కారుడును ఆపడానికి మాత్రం ఇప్పటికీ వాడుతున్నారు.

దాని స్థానాన్ని ఆక్రమించింది లింఫోసింటిగ్రఫీ. 1953లో రేడియోధార్మిక బంగారంతో మొదలైన ఈ పరీక్ష ఇప్పుడు టెక్నీషియం 99ఎం మీద నడుస్తోంది. ఆ ధాతువు తన రేడియోధార్మికతలో సగం 6 గంటల్లో కోల్పోతుంది కాబట్టి రోగికి అందే రేడియేషన్ కొద్దిపాటిదే. దాన్ని అతి చిన్న కొలాయిడ్ కణాలకు అంటగట్టి రెండు పాదాల వేళ్ల సందుల్లో ఎక్కిస్తారు. కణం మరీ చిన్నదైతే రక్తంలోకి జారిపోతుంది, మరీ పెద్దదైతే సూది గుచ్చినచోటే కూర్చుంటుంది. అందుకే 100 నానోమీటర్ల లోపు కణాలను ఏరుకుంటారు. గామా కెమెరా కింద పడుకున్న రోగి కాళ్లలో కణాలు ఎంతసేపటికి గజ్జలు చేరాయో గడియారం చూసి లెక్కిస్తారు. మామూలు కాలిలో గంటలోపే గజ్జల గ్రంథులు మెరుస్తాయి. ఆలస్యం కావడం, రెండు వైపులా తేడా ఉండడం, కణాలు చర్మంలోకి పరుచుకోవడం, మోకాలి గుంటలోని గ్రంథి అనవసరంగా వెలగడం, ఇవన్నీ జబ్బు గుర్తులు. చివరిది గమనించదగినది. పై దారి మూసుకుపోయిన రసం లోతు దారిని వెతుక్కుందని అది చెబుతుంది.

ఫైలేరియా విషయంలో ఈ స్కాన్ తెచ్చిన సంగతి ఒకటుంది. పైకి కాలు మామూలుగా ఉండి, రక్తంలో పిల్లపురుగులు మాత్రమే ఉన్నవారిలోనూ నాళాలు అప్పటికే పాడైనట్టు స్కాన్లలో తేలింది. కేరళలో అలప్పుళ వైద్యులు బ్రూజియా అనే మరో ఫైలేరియా పురుగు సోకిన పిల్లలకు ఇదే పరీక్ష చేసి, నిర్మూలన కార్యక్రమంలో ఇచ్చే మందులతో ఆ తొలి మార్పులు కొంత వెనక్కి మళ్లాయని చూపారు. అంతకు ముందే 1994లో బ్రెజిల్‌లోని రెసీఫేలో వృషణాల నాళాలను అల్ట్రాసౌండ్‌తో చూసిన వైద్యులకు, వాటి లోపల బతికున్న పురుగులు ఆగకుండా మెలికలు తిరుగుతూ కనిపించాయి. ఆ కదలికకు వైద్యపుస్తకాల్లో ఫైలేరియా నాట్యం అని పేరు. చూడగలగడం వల్ల జబ్బు మొదలయ్యే తేదీయే వెనక్కి జరిగింది.

సింటిగ్రఫీ కాలు జబ్బుపడిందో లేదో చెబుతుంది. గాటు ఎక్కడ పెట్టాలో చెప్పేంత స్పష్టత దానికి లేదు. సర్జన్ చేతికి ఆ పటం ఇచ్చింది ఇండోసయనిన్ గ్రీన్. కొడక్ ప్రయోగశాలలు తయారుచేసిన ఈ ఆకుపచ్చ రంగును 1950ల చివర్లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో గుండె పనితీరు కొలవడానికి వాడారు. 1959లో అక్కడి ప్రభుత్వ ఆమోదం వచ్చింది. ఆ తరువాత కాలేయ పరీక్షలకు, కంటి వెనక రక్తనాళాల చిత్రాలకు వాడుకలోకి వచ్చింది. భారతదేశంలో కంటి ఆసుపత్రులకు ఇది పాత పరిచయమే. మామూలు వెలుతురులో అది ఆకుపచ్చ నీళ్లు, అంతే. 780 నానోమీటర్ల దరిదాపుల్లోని పరారుణ కాంతిని దాని మీద వేస్తే 830 దగ్గర మరో పరారుణ కాంతిని తిరిగి వెదజల్లుతుంది. మనిషి కన్ను ఈ రెంటినీ చూడలేదు. కెమెరా చూస్తుంది, తెర మీద తెల్లటి మెరుపుగా చూపుతుంది. రక్తం, నీరు ఈ కాంతిని పెద్దగా పీల్చుకోవు కాబట్టి చర్మం కింద ఒకటి, రెండు సెంటీమీటర్ల దాకా అది చేరగలదు. 2007 ప్రాంతంలో జపాన్‌లో హమమత్సు వైద్యులు దీన్ని లింఫెడిమా కాళ్లకు వాడి ఫలితాలు ప్రచురించారు. ఐదేళ్లు తిరక్కుండానే అనేక దేశాల మైక్రోసర్జన్లకు ఇది విడవరాని పనిముట్టయింది.

పరీక్ష తేలిక. చర్మం పైపొరలో మిల్లీలీటరులో పదోవంతో ఐదోవంతో రంగు వేళ్ల సందుల్లో, మడమ పక్కన ఎక్కిస్తారు. కాస్త మంట పుడుతుంది. గదిలో దీపాలు ఆర్పి కెమెరా పెడితే, ఆరోగ్యంగా ఉన్న కాలిలో సన్నటి వెలుగు గీతలు పాదం నుంచి తొడ దాకా నిమిషాల్లో సాగుతాయి. నాళం ముడుచుకున్నప్పుడల్లా వెలుగు ఒక గుటకలా ముందుకు జరగడం ప్రత్యక్షంగా కనిపిస్తుంది. ఇంకే పరీక్షలోనూ ఇంత సులువుగా నాళం పనిచేయడాన్ని చూడలేం. జబ్బు కాలిలో గీతలు తెగిపోయి మచ్చలు మొదలవుతాయి. ప్రధాన కాలువ పూడితే నీరు పిల్ల కాలువల్లోకి ఎదురెక్కి పొలమంతా పరుచుకున్నట్టు, అడ్డుపడిన రసం చర్మంలోని సన్న నాళాల్లోకి వెనుదిరుగుతుంది. టోక్యోలో యమమోతో, కోషిమా బృందం 2011లో ఈ మచ్చల ఆకారాలను వరసబెట్టి కాలికి దశలు కట్టింది. నేరుగా సాగే గీత మొదటిది. తరువాత చిందిన చుక్కల్లాంటి తీరు, ఆపైన చుక్కలు దట్టంగా కమ్మిన తీరు, చివరికి అంచులు లేకుండా అంతా ఒకే మెరుపు. చుక్కలు దట్టమయ్యే కొద్దీ నాళం గోడ గట్టిపడి ఉండే అవకాశం పెరుగుతుంది. అలాంటిచోట గాటు పెడితే దొరికే నాళం కుట్టడానికి పనికిరాకపోవచ్చు.

ఇక్కడ సమయం ముఖ్యం. గీతలు కనిపించేది రంగు ఎక్కించిన తొలి నిమిషాల్లోనే. గంటలు గడిచే కొద్దీ చర్మంలో పరుచుకున్న మెరుపు వాటిని కప్పేస్తుంది. అందుకే గీతలను అప్పటికప్పుడు పెన్నుతో చర్మం మీద గీసుకుంటారు. దశ తేల్చే చిత్రాన్ని మాత్రం చాలా గంటలు ఆగి, తరచుగా మర్నాడు తీస్తారు. ఇంకో పొరపాటుకూ అవకాశముంది. ఒక్క వేలిసందులోనే రంగు ఇస్తే ఆ దారి మాత్రమే వెలుగుతుంది. అది చీకటిగా ఉందని కాలిలో నాళాలే లేవనుకోవడం తప్పు. ఓకయామాలో శవాల మీదా రోగుల మీదా జరిగిన పరిశీలనలు కాలి చర్మం కింది దారులను నాలుగు గుంపులుగా విడదీసి, ప్రతి గుంపుకూ వేరే చోట సూది వేయాలని చూపాయి. లావుపాటి తొడల్లో, బాగా వాచిన పిక్కల్లో మరో పరిమితి ఎదురవుతుంది. రెండు సెంటీమీటర్ల కన్నా లోతున ఉన్న నాళం ఈ కెమెరాకు లేనట్టే.

ఆ లోటును కొంత అల్ట్రాసౌండ్ పూరిస్తుంది. 18 మెగాహెర్ట్జ్ ప్రోబుతో అలవాటుపడిన కన్ను శోషరస నాళాన్ని పట్టుకోగలదు. రక్తప్రవాహాన్ని తెర మీద రంగులో చూపే డాప్లర్ పెడితే అందులో రంగు పడదు, నొక్కితే సిరలా తేలిగ్గా అణగదు, ఆకారం కాస్త వంకరటింకరగా ఉంటుంది. ఇటీవల వచ్చిన 70 మెగాహెర్ట్జ్ ప్రోబులు 30 మైక్రాన్ల వివరం దాకా చూపుతాయి, కాని చర్మం కింద సెంటీమీటరు దాటి పోలేవు. అల్ట్రాసౌండ్ చేసే అసలు మేలు సిర విషయంలో. నిలబడిన మనిషి కాలి సిరల్లో ఒత్తిడి చేతి సిరల్లో కన్నా ఎంతో ఎక్కువ. కవాటం చెడిన సిరకు శోషరస నాళాన్ని కలిపితే రసం సిరలోకి పోవడానికి బదులు రక్తమే నాళంలోకి ఎదురు తన్ని గడ్డకడుతుంది. వెనక్కి పారని సిరను ముందే ఎంచుకోవడం నాళం వెతకడమంత అవసరం. కాలి ఆపరేషన్లు చేతి ఆపరేషన్ల కన్నా కష్టమని మైక్రోసర్జన్లు అనడానికి ఇదొక కారణం.

ఎంఆర్ఐలో రెండు దారులున్నాయి. వేళ్ల సందుల్లో గాడోలినియం ఎక్కించి తీసే చిత్రంలో లోతు నాళాలు కూడా మూడు కొలతల్లో కనిపిస్తాయి. కాకపోతే ఆ రసాయనం సిరల్లోకీ చేరుతుంది కాబట్టి ఏది సిర, ఏది శోషరస నాళం అని తేల్చడానికి అనుభవం కావాలి. ఏ రంగూ లేకుండా నీటిని మాత్రమే తెల్లగా చూపే చిత్రం కాలిలో ద్రవం ఎంత, కొవ్వు ఎంత అన్నది చెబుతుంది. ఏ ఆపరేషన్ అన్న ప్రశ్నకు చాలాసార్లు ఈ రెండో చిత్రమే సూటిగా జవాబిస్తుంది.

ఆపరేషన్ రోజున ఆకుపచ్చ, నీలం రెండు రంగులూ కలిసి పనిచేస్తాయి. ముందు పచ్చరంగు మెరుపుతో గీసుకున్న గీత మీద రెండు మూడు సెంటీమీటర్ల గాటు పెడతారు. గాటుకు కొంచెం కిందగా నీలం ఎక్కిస్తారు. మైక్రోస్కోపులో మామూలు వెలుతురులోనే నాళం నీలిదారంలా పైకి తేలుతుంది. మెరుపు చూడాలంటే దీపాలు ఆర్పాలి, కుట్టాలంటే వెలిగించాలి. నీలం ఉంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. పరారుణ కాంతిని చూపే వడపోత అమర్చిన మైక్రోస్కోపులు ఈ మధ్య వచ్చాయి కాని అవి ఖరీదు. జపాన్‌కు చెందిన ఇసావో కోషిమా పేరు ఈ పనితో విడదీయరానిది. 0.8 మిల్లీమీటరు కన్నా సన్నని నాళాలను కుట్టే పద్ధతిని ఆయన స్థిరపరిచాడు. అంతకు ముందు 1977లో మెల్‌బోర్న్‌లో బెర్నార్డ్ ఓబ్రియన్ నాళాలను సిరలకు కలిపిన ఫలితాలు ప్రకటించాడు, కాని అప్పటి నాళాలూ సిరలూ కొంచెం పెద్దవి. ఇప్పుడు వాడే 11-0, 12-0 దారాలు తల వెంట్రుక కన్నా చాలా సన్నం.

కుట్టడం పూర్తయ్యాక రంగు రెండోసారి సాక్ష్యం చెబుతుంది. బిగింపు తీసి పాదాన్ని పైకి తోముతుంటే నీలం కుట్టు దాటి సిరలోకి పారాలి. సిరలోని ఎర్రని రక్తాన్ని తేటగా ఉన్న రసం నెట్టేస్తూ ముందుకు సాగడం మైక్రోస్కోపులో కనిపిస్తే కుట్టు తెరుచుకుందని అర్థం. ఎరుపు నాళంలోకి వెనక్కి వస్తే ఆ సిర పనికిరాదు, మరోటి వెతకాలి. కెమెరా ఉంటే మెరుపు కూడా సిరలోకి దూకడం తెర మీద చూడవచ్చు.

నీలి రంగులకు కొన్ని చిక్కులున్నాయి. మత్తు డాక్టరును కంగారు పెట్టేది ఒకటి. వేలికి తగిలించిన ఆక్సిజన్ కొలిచే క్లిప్పు 660 నానోమీటర్ల ఎర్ర కాంతితో లెక్కిస్తుంది. పేటెంట్ బ్లూ, ఐసోసల్ఫాన్ బ్లూ రక్తంలో చేరాక దాదాపు అదే కాంతిని పీల్చుకుంటాయి. దాంతో రోగికి ఆక్సిజన్ చక్కగానే ఉన్నా అంకె పడిపోతుంది. ధమని రక్తం తీసి పరీక్షిస్తే నిజం తేలుతుంది. రంగు ఎక్కించిన సమయాన్ని మత్తు డాక్టరుకు ముందే చెప్పడం అందుకే ఆనవాయితీ. ఒకట్రెండు రోజులు మూత్రం ఆకుపచ్చగా వస్తుంది, సూది గుచ్చినచోట నీలిమచ్చ వారాలపాటు ఉండవచ్చు. వీటికి భయం లేదు. భయపడాల్సింది నూటికి ఒకరి అటూ ఇటూగా కనిపించే ఎలర్జీకి. వారిలో కొందరికి రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. ఈ రంగులు భారతదేశంలో ఖరీదు, అన్నిచోట్లా దొరకవు. చౌకగా దొరికే మిథిలీన్ బ్లూ వాడేవారున్నారు. కాని అది చర్మపు పైపొరలో ఎక్కువైతే చర్మం కుళ్లవచ్చు. జీ6పీడీ ఎంజైము లోపించినవారిలో ఎర్ర రక్తకణాలను పగలగొట్టవచ్చు. కొన్ని మానసిక ఆరోగ్య మందులు వాడేవారికి దానివల్ల ప్రమాదం. ఇండోసయనిన్ గ్రీన్ వీటన్నిటి కన్నా సురక్షితమైనది. కాలేయం దాన్ని పిత్తంలోకి పంపేస్తుంది. తయారీలో అయోడిన్ ఉంటుంది కాబట్టి అయోడిన్ పడనివారికి ఇవ్వరు.

గ్రంథులను తెచ్చి అమర్చే ఆపరేషన్‌లో రంగు పని తలకిందులవుతుంది. అక్కడ వెతకాల్సింది తీసుకోవలసిన గ్రంథిని మాత్రమే కాదు, ముట్టుకోకూడనిదాన్ని కూడా. గజ్జల నుంచి గ్రంథులు తీసేటప్పుడు, ఆ కాలి రసాన్ని మోసే గ్రంథి పొరపాటున వచ్చేస్తే అప్పటిదాకా బాగున్న కాలు వాస్తుంది. న్యూయార్క్ సర్జన్ జోసెఫ్ డయాన్ బృందం 2015లో దీనికి ఒక ఉపాయం ప్రచురించింది. పాదంలో టెక్నీషియం, పొత్తికడుపు చర్మంలో ఇండోసయనిన్ గ్రీన్ ఎక్కిస్తారు. గామా ప్రోబు చప్పుడు చేసే గ్రంథులు కాలివి, వాటిని వదిలేయాలి. మెరిసేవి పొత్తికడుపువి, వాటిని తీసుకోవచ్చు. అలాగే క్యాన్సర్ ఆపరేషన్‌లో కణితి రసం మొదట చేరే ఒకటి రెండు గ్రంథులను రంగుతో గుర్తించి వాటిని మాత్రమే తీసి పరీక్షించడం వల్ల యోని ద్వారపు క్యాన్సర్‌లో, కాలి చర్మపు మెలనోమాలో గజ్జలన్నీ ఖాళీ చేసే అవసరం చాలామందికి తప్పింది. దాంతో వాపూ తగ్గింది. కొవ్వు తీసే లైపోసక్షన్‌కు ముందు కూడా మిగిలి ఉన్న నాళాలను మెరుపుతో చూసుకుంటే గొట్టం వాటి మీదికి పోకుండా జాగ్రత్త పడవచ్చు.

బోదకాలు ముదిరి చర్మం గరుకై, మడతలు పడి, పుండ్లు పట్టిన కాలిలో రంగు పరీక్షల ఉపయోగం తక్కువ. గట్టిపడిన చర్మంలోంచి మెరుపు పైకి రాదు. అక్కడ శుభ్రత, కాలి వేళ్ల సందుల్లో ఫంగస్ చికిత్స, కట్టు కట్టడం, జ్వరాలు రాకుండా చూడడం మొదటి పని. ఆపరేషన్ ఆ తరువాతి మాట. తొలి దశల ఫైలేరియా కాలిలో మాత్రం సాగిన వెడల్పాటి నాళాలు ఉంటాయి కాబట్టి వాటిని సిరకు కలపడం కొంత తేలికే. తంజావూరు సర్జన్లు దశాబ్దాల కిందటే గజ్జల గ్రంథిని సిరకు కలిపే ఆపరేషన్లు చేసి ఫలితాలు రాశారు. అప్పట్లో వారికి పరారుణ కెమెరాలు లేవు.

ఆపరేషన్ అయ్యాక కాలి చుట్టుకొలతను కొన్ని నెలలకోసారి, ప్రతిసారీ అవే ఎత్తుల్లో టేపుతో తీస్తారు. నీటితొట్టిలో కాలు పెట్టి పొర్లిన నీటిని కొలిచే పద్ధతీ ఉంది. సింటిగ్రఫీ గానీ మెరుపు చిత్రం గానీ మళ్లీ తీసి ముందటి దానితో పోలుస్తారు. టేపూ చిత్రమూ ఎప్పుడూ ఒకే మాట చెప్పవు. చుట్టుకొలత పెద్దగా తగ్గని కాలిలోనూ మచ్చలు పలచబడి, చలిజ్వరాలు అరుదుకావడం తరచుగా చూస్తారు. అందువల్ల ఫలితం రాసేటప్పుడు కొలతలతో పాటు ఏడాదిలో జ్వరం ఎన్నిసార్లు వచ్చింది, బిగుతు మేజోడు ఇంకా ఎన్ని గంటలు వేసుకోవలసి వస్తోంది అన్నవీ నమోదు చేస్తారు.